‘మభ్యపెట్టు’ కార్డు

నా ఉద్యోగం మాటలకు అర్థాలు రాయడం. నవ్వకండి, దానికీ జీతం ఇస్తారు. మా కార్యాలయంలో ఒక పెద్ద నిఘంటువు ఇరవై రెండేళ్ళుగా తయారవుతూనే ఉంది. నేను చేరినప్పుడు ‘అ’ దగ్గర ఉన్నాం, ఈ ఏడాదికి ‘మ’ దాకా వచ్చాం. ఒక్కో మాటకు ఒక్కో అట్టముక్క ఉంటుంది. దాన్ని కార్డు అంటాం. ముందువైపు అర్థం, వెనకవైపు ఆ మాట వాడిన వాక్యం, దాని కింద మూలం. ఆ వాక్యాన్ని మేం కల్పించకూడదు. ఎవరైనా ఎక్కడైనా నిజంగా అన్నదో, రాసిందో అయ్యుండాలి. ఇది మా పెద్దసారు పెట్టిన నియమం. ఆయనకు డెబ్బై దాటాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వాటి కోసమే గదంతా వెతికే మనిషి. అయినా కార్డు మీద దొంగ వాక్యం ఉంటే మాత్రం ఇట్టే పట్టేస్తారు. “ఇది ఎవరూ అన్న మాట కాదమ్మా, నువ్వు కూర్చుని వండిన మాట” అని కార్డును నా ముందుకు గిరాటేస్తారు. ఆయనతో నేను పోట్లాడని రోజు లేదు. నా నోరు అలాంటిది. అవసరమైన చోట మాత్రం ఆ నోరు ఎందుకు పెగలదో తర్వాత చెబుతాను.

‘మభ్యపెట్టు’ కార్డు నా వంతుకు వచ్చింది. ముందువైపు ‘మోసగించు’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చేశాను. పెద్దసారు ఒప్పుకోలేదు.

“మోసానికి వేరే కార్డు ఉంది కదా? అబద్ధానికీ ఉంది. మరి ఇదెందుకు? తేడా చెప్పలేకపోతే అర్థం రాసినట్టు కాదు” అన్నారు.

తేడా నాకు తెలుసు. నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉంటే చూపించండి. అబద్ధమాడాలంటే నోరు విప్పాలి. మభ్యపెట్టడానికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ఎదుటివాడు తనంతట తానే తప్పుగా అనుకునేలా అన్నీ సర్దిపెట్టి, పక్కకు తప్పుకుంటే చాలు. రేపు ఎవరైనా వచ్చి నిలదీస్తే “అలాగని నేనన్నానా?” అని అడగొచ్చు. ఈ విద్య నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా అన్నయ్య పనిచేసిన దుకాణంలో కళ్ళారా చూశాను.

అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. నాకు ఊహ తెలియకముందే నాన్న ఇల్లు వదిలిపోయాడు. అమ్మ మంచం పట్టింది. అన్నయ్య బడి ముఖం పెద్దగా చూడకుండానే, పద్నాలుగేళ్ళకు చెక్క సామాన్ల దుకాణంలో పాలిష్ పనికి కుదిరాడు. తనకు అక్షరం ముక్క రాదు గానీ, నన్ను మాత్రం బడికి పంపాడు, కాలేజీకి పంపాడు. వాడి చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ గోధుమ రంగులోనే ఉండేవి. ఒంటి మీద స్పిరిట్ వాసన, లక్క వాసన. సాయంత్రం ఇంటికి రాగానే నా పుస్తకాలు చూడాలని వాడికి ఆత్రం. ముట్టుకునే ముందు కిరసనాయిలు గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకునేవాడు. తర్వాత పుస్తకం తెరిచి, బొమ్మలున్న పేజీల దగ్గర ఆగి, “ఇదేంటమ్మా?” అని అడిగేవాడు. నేను విసుక్కుంటూ చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే లాగి ఒక్కటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

వాడి పనితనం గురించి చెప్పాలి. దుకాణం ముందు భాగమంతా అద్దాలు. వెనక రేకుల గది. ఆ గదిలోకి పచ్చి కర్రతో, పిప్పి కర్రతో చేసిన మంచాలు, బీరువాలు వచ్చేవి. గోరు పెడితే గుంట పడేంత నాసిరకం. అన్నయ్య ముందు కంతలన్నీ లప్పంతో పూడ్చి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేవాడు. పసుపుపచ్చని రంగు ఒక పూత వేసేవాడు. అది ఆరాక, దాని మీద పల్చటి గోధుమ రంగు వేసి, తడి ఆరకముందే పళ్ళు ఊడిన దువ్వెనతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగేవాడు. చారలు పడేవి. వాటిని గుడ్డతో అక్కడక్కడా అద్దితే టేకు చారలయ్యేవి. ఆఖరున ఎడమ చేతి బొటనవేలిని ముదురు రంగులో ముంచి, ఒకచోట ఆనించి, చిన్నగా తిప్పి తీసేవాడు. అంతే, చెక్కలో ముడి ఉన్నట్టు సుడి తిరిగిన మచ్చ పడేది.

“అంత బాగా వేసి, చివర్న ఆ మచ్చ ఎందుకు పెడతావురా?” అని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు వాణ్ణి ‘రా’ అనే అనేదాన్ని. అమ్మ తిడితే మానేశాను.

“అసలు కర్రకు ఎక్కడో ఒకచోట లోపం ఉంటుందమ్మా. లోపం లేకపోతే ఎవరూ నమ్మరు” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి ముఖంలో గర్వం చూడాలి! ఎంతైనా ఆ ముడి వాడి పనితనం. చూసేవాళ్ళకు కర్ర లోపం.

ఇక దుకాణం యజమాని. మెత్తని మనిషి, మాట తేనె. మమ్మల్ని ‘తల్లీ, నాన్నా’ అని తప్ప పిలవడు. “మన దగ్గర అబద్ధమనే మాటే లేదు” అని గొప్పగా చెప్పుకునేవాడు, నిజమే, ఆయన ఏనాడూ అబద్ధం ఆడలేదు. తలుపు పక్కనే ఒక పడక్కుర్చీ వేసి ఉంచేవాడు. దుకాణం మొత్తానికి అదొక్కటే అసలైన టేకు. కొనడానికి వచ్చినవాళ్ళు దాని మీద చెయ్యి వేసి “ఇది టేకేనా?” అని అడిగితే, జేబులోంచి తాళంచెవి తీసి చేతికిచ్చి, “మా మాట ఎందుకండీ, మీరే గీరి చూసుకోండి” అనేవాడు. వాళ్ళు కుర్చీ అడుగున గీరేవారు, వాసన చూసేవారు, సంతోషపడేవారు. తర్వాత లోపలికి వెళ్ళి, దాని పక్కన అదే రంగులో, అవే చారలతో ఉన్న మంచం కొనుక్కునేవారు. మంచం టేకని ఎవరూ అనలేదు. బిల్లు మీద కూడా ‘టేకు రంగు మంచం’ అనే ఉండేది. బిల్లు అంత శ్రద్ధగా చదివేదెవరు?

నాకు ఉద్యోగం వచ్చిన వారం అన్నయ్య ఒక రాత బల్ల తెచ్చాడు. రిక్షా బండి మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పక్కన తను నడుచుకుంటూ వచ్చాడు. దుప్పటి తీశాడు. మెరిసిపోతున్న చారలు. ఎడమవైపు మూలన ఒక ముడి.

“టేకేనా అన్నయ్యా?” అన్నాను.

“నీకు తక్కువ రకం ఇస్తానా?” అన్నాడు.

అంతే. ఇరవై రెండేళ్ళు నేను ఆ బల్లను నెత్తిన పెట్టుకున్నాను. ఇంటికి ఎవరొచ్చినా దాని దగ్గరికి తీసుకెళ్ళి “అసలు టేకు” అని చూపించేదాన్ని. తడి గ్లాసు పెడితే ఊరుకునేదాన్ని కాదు. మా ఆయన “మీ అన్నయ్య బల్లకు నమస్కారం పెట్టి కూర్చోవాలా, ఊరికే కూర్చోవచ్చా?” అని ఆటపట్టించేవాడు.

ఏడేళ్ళ కిందట గొడవ వచ్చింది. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్ద టీచరమ్మ ఒకావిడ ఆ దుకాణంలో బీరువా కొనుక్కుంది. గోడకు చెమ్మ వచ్చి, బీరువా తలుపు కింది భాగం ఉబ్బి, పై రంగు పొరలు పొరలుగా ఊడింది. లోపల పాలిపోయిన పిప్పి కర్ర. ఆవిడ ఊరుకునే రకం కాదు. ఆ తలుపు ఊడదీయించి, ఆటోలో వేసుకొచ్చి, దుకాణం ముందు రోడ్డు మీద నిలబెట్టింది. “రండి, అందరూ రండి, టేకు చూద్దురు గాని!” అని అరిచింది. వారం రోజుల్లో తేల్చకపోతే వినియోగదారుల కోర్టుకు వెళతానంది.

మర్నాడు యజమాని నాకు కబురు పెట్టాడు. నేను ఆఫీసుకు అరపూట సెలవు పెట్టి వెళ్ళాను. అసలు టేకు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

“తల్లీ, నువ్వు చదువుకున్నదానివి, మాటలు తెలిసినదానివి. మీ అన్నయ్య తరఫున ఒక కాగితం రాసివ్వాలి. ఆ రంగుల పని నాకు తెలియకుండా తనే చేశాడని. ఆ కాగితం ఉంటే టీచరమ్మ చల్లబడుతుంది. తర్వాత మన పనులు మనం చూసుకోవచ్చు” అన్నాడు.

“మీకు తెలియకుండా ఎలా జరుగుతుందండీ?” అన్నాను. నా గొంతు పెరిగింది.

“కోపగించుకోకు తల్లీ. దుకాణం నిలబడితేనే కదా అందరం నిలబడేది? ముప్పై నాలుగేళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి. అలాంటివాణ్ణి నేను వదులుకుంటానా? నువ్వే చెప్పు.”

“వదులుకోరండి” అన్నాను.

చూశారా? నేనే అన్నాను. ఆయన అడిగాడు, అంతే. ఆ రేకుల గది, ఆ పని తప్ప అన్నయ్యకు వేరే బతుకు తెలియదు. అది నిలబడాలని, కాగితం రాయడానికి కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పేది వినండి, వినడానికే అసహ్యం వేస్తుంది. ఆ కాగితంలో ఏ మాట వాడాలా అని అరగంట ఆలోచించాను. ‘మోసం చేశాను’ అని రాస్తే కేసు అవుతుంది. ‘దగా’ మరీ ఘోరంగా ఉంటుంది. ‘వంచన’ పుస్తకాల మాట. అటు ఇటు చూసి, ‘మభ్యపెట్టాను’ దగ్గర ఆగాను. మెత్తగా ఉంది, ఎవరికీ పెద్దగా తగలదు అనుకున్నాను. మాటల మనిషిని కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను. ‘ముప్పై నాలుగేళ్ళుగా యజమానికి తెలియకుండా నాసిరకం కర్రకు టేకు చారలు గీసి, కొన్నవాళ్ళను మభ్యపెట్టాను. ఇందులో యజమాని తప్పు ఏమీ లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

వెనక గదిలోకి వెళ్ళాను. అన్నయ్య చిన్న పీట మీద కూర్చుని, ఏ పనీ లేక దువ్వెన పళ్ళలోంచి ఎండిన రంగు గీకుతున్నాడు.

“ఏం రాశావమ్మా?” అన్నాడు.

“నీకు చెడ్డ రాస్తానా అన్నయ్యా?” అన్నాను. “టీచరమ్మ వచ్చాక వేలిముద్ర వెయ్యి, చాలు. అంతా సర్దుకుంటుంది.”

వాడు తలూపాడు. నేను కాగితం యజమాని చేతికిచ్చి, మిగిలిన అరపూటకు ఆఫీసుకు వెళ్ళిపోయాను.

మరుసటి నెల మొదటి రోజున అన్నయ్య పనికి వెళితే రేకుల గదికి కొత్త తాళం ఉంది. అద్దం మీద నోటీసు అంటించి ఉంది. ‘పాత పాలిష్ మేస్త్రిని తొలగించాం. ఇకపై మా వద్ద నమ్మకమైన సరుకు.’ నేను నిప్పులు కక్కుకుంటూ వెళ్ళాను. యజమాని లేచి నిలబడి, నాకు కుర్చీ చూపించాడు. అదే కుర్చీ.

“ఉంచుకుంటానని నేనన్నానా తల్లీ? నువ్వే అన్నావు” అన్నాడు, ఎంతో బాధపడుతున్నట్టు.

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం లాభం? కాగితం ఆయన సొరుగులో ఉంది. వేరే దుకాణాలవాళ్ళు ఎవరైనా అన్నయ్య గురించి అడిగితే, ఏమీ మాట్లాడకుండా ఆ కాగితం తీసి చూపించేవాడట. నెల తిరిగేసరికి బజారులో అన్నయ్యకు పనిచ్చేవాళ్ళు లేరు. అప్పటి నుంచి వాడు ఇనుప గేట్లకు, కిటికీ ఊచలకు రంగులు వేస్తున్నాడు. నల్ల రంగు, లేకపోతే వెండి రంగు. దువ్వెన అక్కర్లేదు, వేలు అక్కర్లేదు. వదిన ఒక బట్టల దుకాణంలో గుండీలు కుట్టే పనికి వెళుతోంది.

కాగితంలో నేనేం రాశానో అన్నయ్యకు చెప్పలేదు. “ఆ యజమాని మనల్ని దెబ్బ కొట్టాడన్నయ్యా” అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. వాడికి చదువు రాదు కాబట్టి తెలిసే దారి లేదనుకున్నాను. ఏడేళ్ళు అదే నా ధైర్యం.

ఇక ఈ మధ్య సంగతికి వస్తాను. ‘మభ్యపెట్టు’ కార్డు ఇంటికి తెచ్చుకుని, బల్ల మీద పెట్టుకుని, అర్థం తిరగరాసి పడుకున్నాను. శుక్రవారం పొద్దున లేచి చూస్తే పై అంతస్తు గొట్టం పగిలి, గోడ వెంట నీళ్ళు దిగి, బల్ల ఎడమవైపంతా నానిపోయింది. గుడ్డ తెచ్చి తుడిచాను. గుడ్డతో పాటు చారలు వచ్చేశాయి. పొర ఉబ్బి, బొబ్బలా లేచింది. గోరుతో పట్టి లాగితే అరచేయంత ముక్క ఊడి వచ్చింది. దాని కింద పాలిపోయిన కర్ర. టీచరమ్మ బీరువాలో ఉన్న కర్రే.

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం ఎవరి మీద రావాలి? న్యాయంగా అయితే నా మీద. కానీ వచ్చింది అన్నయ్య మీద. ఇరవై రెండేళ్ళు నాచేత అందరి దగ్గరా గొప్పలు చెప్పించాడే అని తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకు వెళుతూనే సంచి విసిరికొట్టి, పెద్దసారు ముందు అరిచాను. “మా ఇంట్లో బల్ల ఉందండీ, నాసిరకం కర్రకు టేకు రంగు పూసి ఆ పాలిష్‌వాడు నన్ను ఇన్నేళ్ళు మభ్యపెట్టాడు!” ఏ పాలిష్‌వాడో చెప్పలేదు. సిగ్గేసింది. పెద్దసారు నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించి, నావైపు చూసి, ఏదో కాగితం ముక్క మీద రాసుకున్నారు. నేను పట్టించుకోలేదు.

బల్ల తడిసి రంగు ఊడిందని మా ఆయన ఫోను చేసి చెప్పాడట. ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు, రంగు డబ్బాలున్న రేకు పెట్టె చేత్తో పట్టుకుని. మనిషి సన్నబడ్డాడు. చేతుల మీది గోధుమ రంగు ఎప్పుడో పోయింది. గోళ్ళ సందుల్లో నల్లరంగు. వాడు చెప్పులు విప్పేలోపే నేను మొదలుపెట్టాను.

“టేకన్నావు కదా!”

“నేనన్నానా?” అన్నాడు మెల్లగా. తర్వాత తలవంచుకుని, “నువ్వు అడిగినప్పుడు నీ ముఖం చూసి కాదనలేకపోయానమ్మా. టేకు కొనేంత ఎక్కడుంది మనకు? కానీ నా చేతి పనిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. అది మాత్రం నిజం” అన్నాడు.

వాడు బల్ల మీదివన్నీ తీసి కింద పెట్టడం మొదలుపెట్టాడు. కలాలు, సీసా, పుస్తకాలు. ఆఖరున కార్డు చేతిలోకి తీసుకుని, పాత అలవాటు కొద్దీ వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నాడు.

“ఇదేం మాటమ్మా?”

“మభ్యపెట్టు” అన్నాను.

వాడు కార్డును కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఓహో. నువ్వు నాకు రాసిన మాటేగా ఇది” అన్నాడు.

“నీకెలా తెలుసు?”

“టీచరమ్మ చెప్పింది. ఆ రోజు యజమాని ఇంకు డబ్బా ముందు పెడితే, నేను వేలు చాపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. ‘చదువు రాకపోతే మాత్రం, ఏముందో తెలుసుకోకుండా వేలు పెట్టేస్తావా?’ అని కసిరి, కాగితం మొత్తం గట్టిగా చదివింది, పిల్లలకు పాఠం చెప్పినట్టు. చదివి, ‘ఇది నిజమేనా? నీ యజమానికి తెలియకుండానే చేశావా? భయపడకుండా చెప్పు, నీ వెనక నేనుంటాను’ అంది.”

“మరి చెప్పొచ్చు కదా!” నేను అరిచాను. “ఆవిడ అంత మాట అంటుంటే చెప్పొచ్చు కదా అన్నయ్యా, యజమానే చేయించాడని!”

“ఎలా చెప్పను? ‘మా చెల్లెలు రాసిందమ్మా’ అన్నాను. మాటలు తెలిసినదానివి నువ్వు. నాకంటే నీకు బాగా తెలుసు కదా ఏది ఏమిటో. నేను అంతకు ముందు దాన్ని పని అనుకునేవాణ్ణి. నువ్వు రాశాక, కాబోలు, మభ్యపెట్టడమే కాబోలు అనుకున్నా. వేలు వేసేశా.”

వాడు ఇదంతా కోపంగా చెప్పలేదు. అదే నన్ను చంపింది. ఏడేళ్ళుగా వాడికి తెలుసు. ప్రతి నెలా మా ఇంటికి వచ్చి, నా చేతి టీ తాగి, ఈ బల్ల పక్కనే కూర్చుని వెళ్ళాడు. నేను ఏడ్చాను. యజమాని నన్నెలా పడగొట్టాడో, ఆ మాటను ఎందుకు ఏరుకున్నానో, అన్నీ చెప్పాను. “నీకు చెడ్డ రాస్తానా అని నీ ముఖం మీదే అన్నాను అన్నయ్యా, అప్పటికే రాసేశాను” అన్నాను. వాడు నా తల మీద చెయ్యి వేయబోయి, రంగు అంటుతుందని వెనక్కి తీసుకున్నాడు.

“పోనీలే. నేను మాత్రం ఈ బల్ల సంగతి చెప్పానా?” అన్నాడు. కార్డును జాగ్రత్తగా కిటికీ దిమ్మ మీద పెడుతూ అడిగాడు. “ఇది పుస్తకంలో అచ్చవుతుందా?”

“అవుతుంది.”

“ఎప్పటికీ ఉంటుందా?”

“ఉంటుంది.”

“ఒక్కటి అడుగుతానమ్మా. ఆ మాట కింద నన్ను పెట్టకు. బజారులో ఎలాగూ ఉన్నాను. పుస్తకంలో వద్దు.”

“ఒట్టు అన్నయ్యా” అన్నాను.

ఊడిన చోటంతా గీకి, లప్పం పెట్టి, పసుపు పూత వేశాడు. అది ఆరేలోపు నేను టీ పెట్టి తెచ్చాను. గోధుమ రంగు వేసి, పెట్టెలోంచి ఆ పాత దువ్వెన తీశాడు. ఒక్క లాగు. ఏడేళ్ళు గేట్లకు నల్లరంగు కొట్టిన చెయ్యే, అయినా చార వంకర పోలేదు. మూల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

“ముడి పెట్టవా?” అన్నాను.

“దేనికి? ఇప్పుడు నీకు తెలుసుగా” అని డబ్బాకు మూత పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే కార్డు ఇచ్చాను. ముందువైపు అర్థం చూసి పెద్దసారు ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు. కార్డు తిప్పారు. వెనక నేను ‘చెల్లెలు అన్నను మభ్యపెట్టింది’ అని రాశాను. మూలం దగ్గర ఖాళీ.

“ఏ చెల్లెలు, ఏ అన్న? దేని గురించి? చదివినవాడికి ఏం అర్థమవుతుందమ్మా ఇది? పైగా మూలం లేదు” అన్నారు. “నీ నోటి నుంచే బంగారంలాంటి వాక్యం వచ్చింది. మొన్న నువ్వు వస్తూనే అన్నావు, అప్పుడే రాసిపెట్టాను.” సొరుగులోంచి కాగితం ముక్క తీసి చదివారు. “‘నాసిరకం కర్రకు టేకు రంగు పూసి ఆ పాలిష్‌వాడు నన్ను ఇన్నేళ్ళు మభ్యపెట్టాడు.’ చూడు, ఎంత సహజంగా ఉందో! వండిన మాట కాదు. మూలం, వాడుక.”

నా వాక్యాన్ని కొట్టేసి, దాని కింద ఈ వాక్యం ఎక్కించడం మొదలుపెట్టారు.

“అది వద్దండీ” అన్నాను.

“ఎందుకు? నువ్వు అనలేదా?”

“అన్నాను.”

“మరి? ఆ పాలిష్‌వాడేమైనా మీ చుట్టమా?” అని కళ్ళద్దాల పైనుంచి చూసి నవ్వారు.

ఒక్క మాట చాలు. ‘మా అన్నయ్యండీ’ అంటే సరిపోయేది. కానీ ఆ వెంటనే ఎలా, ఏమిటి అని అడుగుతారు. బల్ల సంగతి చెబితే కాగితం సంగతి వస్తుంది. కాగితం రాసింది ఎవరని అడుగుతారు. రోజూ ఈయనతో పోట్లాడే నోరు, కామా కోసం, చుక్క కోసం గంటలు వాదించే నోరు, తెరుచుకోలేదు. నేను కూడా నవ్వాను. ఆయన కార్డు మీద సంతకం పెట్టి, అచ్చుకు వెళ్ళే పెట్టెలో వేసేశారు.

ఆ సాయంత్రం అన్నయ్య ఫోను చేశాడు. వెనక ఎక్కడో ఇనుప గేటు గీకుతున్న చప్పుడు.

“ఇచ్చేశావా అమ్మా ఆ మాట?”

“ఇచ్చేశాను అన్నయ్యా.”

“మరి నా సంగతి...”

“నీ పేరు ఎక్కడా లేదు” అన్నాను.

అటువైపు హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదలడం వినిపించింది.

“నాకు తెలుసులే. నువ్వు నాకు చెడ్డ రాస్తావా?” అన్నాడు.